తుపాను ఇనుముతో మామయ్య బండి

మా మామయ్య సైకిలు షాపు అంబాజీపేటకు కొద్ది దూరంలో, కాలువ గట్టును ఆనుకుని, తాటాకు కప్పు కింద ఉండేది. గంటల లెక్కన అద్దెకిచ్చే సైకిళ్ళు ముందు వరుసలో, బాగుచేతకు వచ్చినవి పక్కన, ఇక ఎన్నటికీ బాగుపడవని తేలినవి వెనక కొబ్బరిచెట్ల మధ్య గుట్టగా ఉండేవి. ఆ మూడో రకం సైకిళ్ళను ఆయన ఎన్నడూ కాటాకు వేయలేదు. ఫ్రేము విరిగితే రిమ్ము పనికొస్తుందనీ, రిమ్ము వంగితే హబ్బు పనికొస్తుందనీ, హబ్బు అరిగినా అందులోని కోను ఏదో ఒకనాడు ఎవరో ఒకరికి అవసరపడుతుందనీ ఆయన నమ్మకం. పాత ఇనుము కొనే మనిషి ఎప్పుడు వచ్చినా టీ తాగి, కాసేపు బతిమాలి, ఖాళీ తట్టతోనే వెళ్ళిపోయేవాడు.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానును కోనసీమలో ఆ వయసు వాళ్ళెవరూ మరిచిపోలేరు. వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి, కొబ్బరిచెట్లు లక్షల్లో కూలిపోయాయి. మామయ్య షాపు మీద కూడా చెట్లు పడి, అద్దె సైకిళ్ళలో చాలా భాగం ఫ్రేములు వంగి, చువ్వలు తెగి, వెనకనున్న గుట్టలో చేరవలసిన సామానుగా మారిపోయాయి. అంతకంటే పెద్ద నష్టం మర్నాడు జరిగింది. కూలిన మానును పక్కకు దొర్లించబోయి జారిపడడంతో ఆయన తుంటికి గట్టి దెబ్బ తగిలింది. కొన్ని నెలలకు చేతికర్రతో నడవగలిగారు గానీ, కాలు ఎత్తి సైకిలు ఎక్కడం మాత్రం ఇక కుదరదని డాక్టరు చెప్పేశారు. కూర్చుని కాళ్ళు ఆడించడానికి అభ్యంతరం లేదనీ, అది మంచిదేననీ కూడా ఆయనే అన్నారు. ఆ రెండో మాటను ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. నేను పట్టుకున్నాను.

అప్పట్లో నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదువుతున్నాను. గ్రంథాలయంలో ఒక ఆంగ్ల పత్రికలో వెనక్కి వాలి, కాళ్ళు ముందుకు చాచి తొక్కే మూడు చక్రాల సైకిలు బొమ్మ చూసి నోటుపుస్తకంలో దించుకుని ఉన్నాను. వేసవి సెలవులకు వచ్చినప్పుడు దాన్ని కొలతలతో సహా పెద్ద కాగితం మీద గీసి మామయ్య ముందు పెట్టాను. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని చాలాసేపు చూసి, "ఏరా అల్లుడూ, బొమ్మ బాగానే గీసేవు గానీ, దీనికి గొట్టం ఎక్కడ దొరుకుద్దో అది కూడా గీయి" అన్నారు. ఆ తరవాత కాగితాన్ని మడిచి గోడ సందులో పెట్టి, నన్ను వెనక గుట్ట దగ్గరికి తీసుకువెళ్ళారు. బండి రూపం నిర్ణయమైంది అక్కడే. నా కొలతల్లో చివరికి మిగిలినవి బహు తక్కువ. ఉన్న సామాను ఏం చెబితే అదే ఖాయమైంది.

ఇలాంటి సైకిలుకు ఎంత చరిత్ర ఉందో నాకు చాలా ఏళ్ళ తరవాత గానీ తెలియలేదు. ఫ్రాన్సులో షార్ల్ మోషే అనే ఆయన తన కొడుకు కోసం నాలుగు చక్రాల తొక్కుడు బండి చేసి, ఆ దారినే వెళ్ళి వెనక్కి వాలి తొక్కే సైకిలు తయారు చేశాడు. 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే పందెగాడు దానిమీద గంటకు 45.055 కిలోమీటర్లు తొక్కి, 1914 నుంచి చెక్కుచెదరకుండా నిలిచిన ఆస్కార్ ఎగ్ రికార్డు 44.247 కిలోమీటర్లను దాటేశాడు. మరుసటి సంవత్సరమే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య సైకిలు అంటే ఎలా ఉండాలో కొలతలు రాసిపెట్టి, ఈ రకాన్ని తన పోటీలలోంచి తప్పించింది. గాలిని చీల్చుకుని పోవడానికి వాళ్ళు వాలి కూర్చున్నారు, మామయ్య తుంటి మీద భారం పడకుండా వాలి కూర్చోవలసి వచ్చింది. ఈ కథ ఆయనకు చెప్పి ఉంటే, నెగ్గిన బండిని పోటీలోంచి తీసేయడమేమిటని కచ్చితంగా ఒక పూటంతా వాదించేవారు.

మొదటి ప్రశ్న రెండు చక్రాలు ముందుండాలా, వెనకుండాలా అన్నది. పత్రికలోని బొమ్మలో రెండు చక్రాలూ ముందున్నాయి. అలా చేయాలంటే ముందు చక్రాల ఇరుసులను ఒక్క వైపు నుంచే పట్టి ఉంచాలి. సైకిలు ఇరుసు ఫోర్కు రెండు కాళ్ళ మధ్య, రెండు వైపులా ఆధారంతో నిలవడానికి చేసినది కాబట్టి, ఒక పక్కనే పట్టి వదిలేస్తే మనిషి బరువుకు వంగిపోతుంది. పైగా మలుపులో లోపలి చక్రం బయటి చక్రం కంటే ఎక్కువ కోణంలో పక్కకు మళ్ళాలి, దానికి వేరే కడ్డీల అమరిక కావాలి. వెనక రెండు చక్రాలు పెట్టుకుంటే ముందు భాగానికి పిల్లల సైకిలు ఫోర్కు ఉన్నదున్నట్టు సరిపోతుంది, వెనకకు రిక్షా ఇరుసు వేసుకోవచ్చు. ఆటోలు వచ్చాక అమలాపురంలో రిక్షాలు ఒక్కొక్కటే మూలపడుతున్న రోజులవి. మామయ్యకు తెలిసిన ఒకాయన తన రిక్షా తొట్టిని విడిగా అమ్ముకుని, ఇరుసునూ రెండు చక్రాలనూ మాకు పాత ఇనుము ధరకే ఇచ్చేశాడు.

ఆ చక్రాలు దొరకడం మా అదృష్టమని తరవాత తెలిసింది. రెండు చక్రాల సైకిలు మలుపులో లోపలికి ఒరుగుతుంది కాబట్టి చక్రం మీద బరువు ఎప్పుడూ నిలువుగానే పడుతుంది. మూడు చక్రాల బండి ఒరగదు, మలుపు తిరిగిన ప్రతిసారీ చక్రాన్ని పక్కకు నెడుతుంది. మామూలు సైకిలు చక్రమైతే ఆ తోపుడుకు బెండు పడుతుంది, మరీ జోరుగా తిప్పితే ముడుచుకుపోతుంది కూడా. రిక్షా చక్రాలకు లావు చువ్వలుంటాయి, ఆ భారం వాటికి అలవాటే. ఆ రెండు రిమ్ములనూ మామయ్య స్వయంగా పీట మీద కూర్చుని బెండు తీశారు. చక్రాన్ని తిప్పుతూ, రిమ్ము పక్కన సుద్దముక్క ఆనించి, సుద్ద అంటిన చోట చువ్వలను లాగి పట్టే నిప్పిళ్ళను పావు చుట్టు చొప్పున బిగించుకుంటూ వచ్చే ఆ పనిలో ఆయనను మించినవాణ్ణి నేను ఇప్పటికీ చూడలేదు.

ఫ్రేము అన్నిటికంటే ఎక్కువ కాలం తీసుకుంది. నడుమ దూలానికి నేను గీసినది రెండంగుళాల లావు గొట్టం. గుట్టలో ఉన్నవన్నీ అంగుళం, అంతకు కాస్త పైన ఉండే సైకిలు గొట్టాలు. మామయ్య రెండు నిటారు గొట్టాలను పక్కపక్కన పెట్టి, మధ్యలో చిన్న ముక్కలతో కలిపి నిచ్చెన వేయిద్దామన్నారు. ఒంటి గొట్టం మీద పెడలు తొక్కినప్పుడల్లా కుడికీ ఎడమకీ మెలిపడుతుంది, జంట గొట్టాలైతే అంత మెలిపడవు. వంగిన ఫ్రేములలో సవ్యంగా ఉన్న భాగాలను మాత్రమే హాక్సాతో కోసి తీసుకున్నాం. పెడళ్ళ ఇరుసు కూర్చునే గొట్టాన్ని మాత్రం చుట్టూ నాలుగు వేళ్ళ మేర వదిలి కోయించి, కుడి వైపున ఆకురాయితో గాటు పెట్టించారు. దాని మరలు కుడి పక్క ఒక తిరుగుడు, ఎడమ పక్క ఒక తిరుగుడు ఉంటాయనీ, అటుదిటు చేసి అతికితే తొక్కేకొద్దీ ఇరుసును పట్టి ఉంచే కప్పు వదులైపోతుందనీ చెప్పారు. ఎడమ పెడలుకు ఎదురు మర ఉంటుందని నాకు తెలుసు గానీ, ఈ సంగతి మా పాఠాల్లో ఎక్కడా రాలేదు.

అతికించడానికి అమలాపురంలో ఒక గ్యాసు వెల్డింగ్ మేస్త్రి దగ్గరికి వెళ్ళాం. కరెంటు వెల్డింగ్ చేయిస్తే పని త్వరగా అయిపోతుందని నేనన్నాను. మేస్త్రి, మామయ్య ఇద్దరూ ఒకేసారి తల అడ్డంగా ఊపారు. సైకిలు గొట్టం రేకు పలచన, కరెంటు వెల్డింగ్ వేడికి బొక్కలు పడుతుంది. అసలు ఆ సైకిళ్ళు కంపెనీలో పుట్టినప్పుడే గొట్టాలను లగ్గుల్లో దూర్చి ఇత్తడితో అతికి ఉంటారు. మళ్ళీ ఇత్తడితో అతకడమే దానికి న్యాయమని మేస్త్రి వాదన. గొట్టం ఎర్రబడే దాకా మంట చూపించి, ఇత్తడి కడ్డీని వెలిగారంలో ముంచి తాకించగానే ఆ ఇత్తడి కరిగి కీలు చుట్టూ తనంతట తానే పాకిపోతుంటే, మండే మే నెల ఎండలో ఆ షెడ్డు కింద నిలబడి రోజంతా చూసినా నాకు విసుగు పుట్టలేదు. అతుకు చల్లారిన తరవాత దాని మీద గాజులా పట్టిన వెలిగారపు పెచ్చును గీకే పని నాకు అప్పగించారు.

పెడళ్ళ దూరం కొలవడానికి మామయ్యను గోడకు ఆనుకుని నేల మీద కూర్చోబెట్టి, కాళ్ళు చాపించి, మడమల దగ్గర బొగ్గుతో గీత గీశాం. మోకాలు పూర్తిగా నిటారు కాకుండా కాస్త వంపు మిగలాలి, లేకపోతే తుంటి పట్టేస్తుంది. పత్రికలోని బండికి ఈ దూరం మార్చుకునే ఏర్పాటు ఉంది. మాకు అవసరం లేదనుకుని ఆయన కొలతకే శాశ్వతంగా అతికించేశాం. కాబట్టి ఆ బండి ఆయనకు తప్ప ఊళ్ళో ఇంకెవరికీ సరిపోలేదు. ఎవరైనా ఎత్తుకుపోయినా నాలుగడుగులు తొక్కలేక వదిలేసి పోతారని ఆయనే అనేవారు.

చైను లెక్క మాత్రం నా కాగితం మీద ఉన్నట్టే వచ్చింది. సైకిలు చైనులో 112 లింకులు, లింకుకు అర అంగుళం, వెరసి 56 అంగుళాలు. మా పెడళ్ళకూ వెనక ఇరుసుకూ మధ్య అయిదడుగుల పైచిలుకు దూరం ఉండడంతో రెండున్నర చైన్లు కలిపితే గానీ చుట్టు పూర్తి కాలేదు. పాత చైన్లన్నీ ఒకేలా అరగవు. బాగా సాగిన చైనునూ, సాగనిదాన్నీ కలిపితే పళ్ళ మీద ఎక్కి జారుతుంది. అందుకని మామయ్య ఒక్కో చైనును మేకుకు వేలాడదీసి, పక్కన కొత్త చైను పట్టి పొడవు పోల్చి, దగ్గర దగ్గరగా ఉన్నవాటినే ఏరారు. అతుకు లాకు మూసి ఉన్న వైపు చైను నడిచే దిక్కుకు ఉండాలన్నది ఆయన షాపులో పని నేర్చుకునే కుర్రాళ్ళకు చెప్పే మొదటి పాఠం. అంత పొడవు చైను సీటు కింద వేలాడి నేలకు రాసుకోకుండా పాత సీలింగు ఫ్యాను బేరింగులతో రెండు కప్పీలు చేయించాం. పై పేట బరువు లాగుతుంది కాబట్టి దాన్ని వీలైనంత తిన్నగా పోనిచ్చి, ఒడుదుడుకులన్నీ వదులుగా తిరిగి వచ్చే కింది పేటకు పెట్టాం.

ఈ చైను వెనక ఒక్క చక్రాన్నే తిప్పుతుంది. మాకు దొరికిన రిక్షా ఇరుసు అలాంటిదే: కుడి చక్రం ఇరుసుకు బిగిసి ఉంటుంది, ఎడమది దాని మీద స్వేచ్ఛగా తిరుగుతుంది. రెండూ బిగించేస్తే మలుపులో ఎక్కువ దూరం పోవలసిన బయటి చక్రం, తక్కువ పోవలసిన లోపలి చక్రం ఒకదాన్నొకటి ఈడ్చుకుంటాయి. ఇంగ్లండులో జేమ్స్ స్టార్లీ 1877లో మూడు చక్రాల సైకిలు కోసమే, రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ అనే పళ్ళ చక్రాల అమరికను వాడి ఈ చిక్కు విడదీశాడు. మోటారు కార్లు రాకముందే తొక్కుడు బండికి అది అమరిందని తెలిసి ఆశ్చర్యపోయాను. మా దగ్గర డిఫరెన్షియల్ లేదు, ఒంటి చక్రపు లాగుడుతోనే సరిపెట్టుకున్నాం. బయల్దేరేటప్పుడు బండి కొంచెం ఎడమకు లాగేది, ఇసక నేల మీద కుడి చక్రం ఉత్తినే తిరిగేది. ఈ రెంటికీ ఆయన త్వరలోనే అలవాటు పడిపోయారు.

హ్యాండిలు విషయంలో నాకూ ఆయనకూ పెద్ద చర్చే నడిచింది. ముందుకు వంగి పట్టుకునే హ్యాండిలు అయితే వాలి కూర్చోవడంలో అర్థం లేదు. చివరికి సీటు కింద ఇంకో సైకిలు హెడ్డు గొట్టాన్ని కప్పులతో, గుండ్లతో సహా నిలబెట్టి, దానికి పాత హ్యాండిలు అడ్డంగా బిగించి, అక్కడి నుంచి ముందు ఫోర్కుకు ఒక కడ్డీ కలిపాం. రెండు చేతులూ తొడల పక్కన వేలాడినట్టే ఉండి హ్యాండిలు పట్టుకోవచ్చు. ఫోర్కు దగ్గర ఆ కడ్డీ తగిలే ఇనప చేతికి వరుసగా బెజ్జాలు వేయించి, కడ్డీ పిన్నును ఒక్కో బెజ్జంలోకి మారుస్తూ చూశాం. పొట్టి చేతికి బండి ఉలిక్కిపడి తిరిగేది, పొడుగు చేతికి నెమ్మదిగా తిరిగేది. పొడుగు దానికే స్థిరపడ్డాం. బాగా తిప్పితే మడమ ముందు చక్రానికి తగులుతోందని ఫోర్కుకు ఒక అడ్డు ముక్క కూడా అతికించాం.

బ్రేకులు పాత కడ్డీ బ్రేకులే. వెనకకు వాలి కూర్చున్నప్పుడు బరువంతా వెనక చక్రాల మీదే ఉంటుంది, తేలికగా ఉన్న ముందు చక్రానికి బ్రేకు వేస్తే అది జారడమే తప్ప బండి ఆగదు. వెనక ఒక్క చక్రానికే వేస్తే బండి ఆ పక్కకు మొగ్గుతుంది. అందుకని లివరు లాగే కడ్డీని ఒక అడ్డ కడ్డీ నడిమధ్యన తగిలించి, దాని రెండు చివరల నుంచి రెండు చక్రాలకూ కడ్డీలు పంపాం. ఒక పక్క బ్రేకు ముక్క ఎక్కువ అరిగినా అడ్డ కడ్డీ దానంతట అదే ఒరిగి, రెండు పక్కలా లాగుడు సమంగా ఉండేది. ఈ బండి మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఆ మూరెడు ఇనప ముక్కే. దాన్ని అమర్చిన మామయ్య దాని గురించి రెండు మాటలు కూడా మాట్లాడలేదు.

సీటు గురించి అత్తయ్యను అడగవలసి వచ్చింది. తుపానుకు కోళ్ళు విరిగిన పట్టెమంచం నవారు ఆవిడ ఉతికి, చుట్టలు చుట్టి దాచి ఉంచింది. వంచిన గొట్టపు చట్రానికి ఆ నవారును మంచం అల్లినట్టే నిలువుగా, అడ్డంగా అల్లింది. నడుము దగ్గర కాస్త బిగువుగా, భుజాల దగ్గర వదులుగా అల్లమని మామయ్య అడిగితే, "ఇన్నేళ్ళూ మంచం అల్లినప్పుడు లేని కొలతలు ఇప్పుడెందుకండీ" అని విసుక్కుంటూనే అడిగినట్టే చేసింది. కోనసీమ ఉక్కలో రెక్సిను సీటు వేసుకుంటే వీపు చెమటతో అంటుకుపోయేది, నవారులోంచి గాలి ఆడుతుంది. రెడ్ ఆక్సైడ్ పూసి, పైన నీలం రంగు వేసి గట్టు మీదికి తెచ్చినప్పుడు, ఊళ్ళో పెద్దలు అది పడక్కుర్చీకి చక్రాలు వేసినట్టుందన్నారు. ఆ పోలికను మేమూ కాదనలేకపోయాం.

మా డెల్టా నేల ఇలాంటి బండికి అనువైనది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టించినప్పటి నుంచి కాలువలు, కాలువల వెంట గట్లు, గట్ల మీద బాటలు పరుచుకుని ఉన్నాయి. ఎక్కవలసిన ఎత్తులు రెండే రకాలు, ఊళ్ళోంచి గట్టు మీదికి, గట్టు మీంచి వంతెన మీదికి. ఆ కాస్త ఎత్తుకే వాలి తొక్కే సైకిలు అసలు గుణం బయటపడుతుంది. మామూలు సైకిలు మీద ఎత్తు వస్తే లేచి నిలబడి, ఒంటి బరువుతో తొక్కవచ్చు. ఇక్కడ లేవడం కుదరదు, వీపును సీటుకు అదిమిపెట్టి కాళ్ళతోనే నెట్టాలి. ముందు 48 పళ్ళు, వెనక 18 పళ్ళ ఫ్రీవీలుతో చదును మీద బాగానే పోయినా, గట్టు ఎక్కేటప్పుడు ఆయనకు తుంటి నొప్పి వచ్చింది. ముందు పళ్ళ చక్రాన్ని తీసి పిల్లల సైకిలుది, చిన్నది వేశాక నెమ్మదిగానైనా నొప్పి లేకుండా ఎక్కగలిగారు.

గట్టు బాటలతో వచ్చిన అసలు చిక్కు వేరు. ఎడ్లబండ్లు పోయిపోయి రెండు గాడులు పడి, మధ్యలో గడ్డి మొలిచిన దిమ్మ ఉంటుంది. సైకిలు ఒక గాడిలోంచి హాయిగా పోతుంది. మా బండి వెనక చక్రాల మధ్య ఎడం గాడుల మధ్య ఎడం కంటే తక్కువ, కాబట్టి ఒక చక్రం గాడిలో పడితే రెండోది దిమ్మ మీద ఉండేది. అలా ఒరిగి పోతున్నప్పుడు కాలువ వైపు చూడాలంటే నాకు గుండె దడదడలాడేది. సీటు నేలకు దగ్గరగా, వెనక ఇరుసుకు కాస్త ముందుగా ఉంది కాబట్టి బరువు చక్రాల మధ్యే పడుతుందని నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను. మామయ్య మాత్రం పైవైపుకు ఒళ్ళు వాల్చి, లెక్కతో నిమిత్తం లేకుండా సాగిపోయేవారు.

రోడ్డు మీద కొబ్బరికాయల లారీల వాళ్ళకు కనిపించాలని సీటు వెనక వెదురు బద్ద నిలబెట్టి ఎర్రగుడ్డ కట్టాం, రాత్రికి టైరును ఒరుసుకుని తిరిగే డైనమో పెట్టాం. వెనక తట్టలో పంపు, సొల్యూషన్, రేంచీలు వేసుకుని ఆయన చుట్టుపక్కల ఊళ్ళకు వెళ్ళి సైకిళ్ళు బాగుచేయడం మొదలుపెట్టారు. షాపుకు జనం రావడం తగ్గిన ఆ కాలంలో ఇల్లు గడిచింది చాలావరకు ఆ తిరుగుడుతోనే. ఒకసారి నేను పక్కన సైకిలు తొక్కుతుండగా పి. గన్నవరం దాకా వచ్చి, వైనతేయ మీదుగా కాలువ నీటిని దాటించే అక్విడక్టు దగ్గర బండి ఆపి, కింద నది, పైన కాలువ ఒకదాన్నొకటి అడ్డంగా దాటడాన్ని సీట్లోంచి లేవకుండానే చాలాసేపు చూశారు. ఇంకోసారి నరసాపురంలో చుట్టాలింటికి వెళ్తూ సఖినేటిపల్లి రేవులో బండితో సహా పంటు ఎక్కారు. దీనికి సైకిలు టిక్కెట్టు కొట్టాలా, రిక్షా టిక్కెట్టు కొట్టాలా అని రేవు మనిషి తేల్చుకునేలోగా పంటు అవతలి ఒడ్డుకు చేరింది. సైకిలు టిక్కెట్టే ఇచ్చారట.

మామయ్య పోయిన తరవాత ఆ బండిని అలాగే ఉంచుదామని నేనన్నాను. అత్తయ్య ఒప్పుకోలేదు. పనికొచ్చే సామాను తుప్పు పట్టించడం ఆయనకు ఇష్టం ఉండేది కాదని, దాన్ని తనే దగ్గరుండి విప్పించింది. ముందు చక్రం పక్కింటి పిల్లవాడి సైకిలుకు సరిపోయింది. సీటుకు నాలుగు కాళ్ళు అతికించి అరుగు మీద వేశారు. చైన్లు, కప్పులు, గుండ్లు, షాపు నడుపుతున్న మా బావ డబ్బాల్లో కలిసిపోయాయి. రిక్షా ఇరుసునూ రెండు చక్రాలనూ మా ఊరాయన ఒకరు రొయ్యల చెరువు దగ్గర మేత బస్తాలు మోసే తోపుడు బండికి వేసుకున్నారు. చెరువు గట్టు మీద ఉప్పుగాలికి బేరింగులు త్వరగా పట్టేస్తాయి కాబట్టి, ఊరెళ్ళినప్పుడల్లా గ్రీజు మార్చారా అని అడుగుతుంటాను. మారుస్తామనే అంటారు. క్రితం సంక్రాంతికి వెళ్ళినప్పుడు అది కిర్రుమంటూనే ఉంది, బావ దగ్గర డబ్బా తెచ్చి నేనే పూశాను.